రెండు దగ్గులు

తడిగుడ్డకు అద్దిన బొటనవేలితో ఆయన కీరదోస ఆకును ఈనె పక్కగా రుద్దాడు. తెలుపు వేలికి అంటింది, కింద పచ్చదనం బయటపడింది. ఆకు వదలకుండా అలాగే నిలబడి, పక్క వరుసకేసి చెవి పెట్టాడు. నీటి గొట్టం బుసకొడుతోంది, అంతే.

ప్లాస్టిక్ కప్పు వేసిన ఈ షెడ్లలో ముప్పై ఏళ్లుగా ఆయన పేరు బొటనవేలాయన. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆకు మీద తెలుపు కనిపిస్తే ఆయన్ని పిలిచేవారు. పైనుంచి చల్లే ఉప్పునీళ్ల మరకా, బూడిద తెగులా? మరకైతే ఊరుకోవచ్చు. తెగులైతే ఆ పూటే కింది ఆకులు కోసెయ్యాలి, మందు కొట్టాలి. బద్ధకిస్తే నాలుగు రోజుల్లో షెడ్డంతా పిండి జల్లినట్టవుతుంది. ఆయన రుద్ది, కళ్లు మూసుకుని, తాపీగా తీర్పు చెప్పేవాడు. అబ్బో, ఆ కళ్లు మూసుకోవడం చూసి తీరాలి!

తెలిసింది మాత్రం ఆయనకు కాదు, పక్క వరుసలో పనిచేసే ఆయన భార్యకు. ముందే వెళ్లి తీగంతా చూసి వచ్చేది. ఆమె ఒకసారి దగ్గితే తెగులు, రెండుసార్లు దగ్గితే మరక. పనిలో చేరిన కొత్తలో, పదిమందిలో మొగుడు తెల్లమొహం వేయకూడదని ఆమే పెట్టిన ఏర్పాటది. "పేరు నీ వేలికి, నొప్పి నా గొంతుకి" అని ఇంట్లో ఏడిపించేది. గొంతు ఆరకుండా, జడ రబ్బరుబ్యాండు చుట్టి గుర్తు పెట్టుకున్న నీళ్లసీసా ఒకటి వరుసలో ఎప్పుడూ దగ్గరుంచుకునేది. ఆ పేరులో సగం ఆమెకిద్దామని ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. పోయిన నెల దాకా ఆయన్ని పిలవాల్సినంత తెలుపు ఏ ఆకు మీదా రాలేదు.

పోయిన నెల ముందువైపు షెడ్డులో ఇలాగే రుద్ది, అలవాటు కొద్దీ చెవులు రిక్కించాడు. పక్క వరుసలోంచి రెండు దగ్గులు వినిపించాయి. ఆమే అనుకున్నాడు. ఒళ్లు తెలియని సంతోషంతో "మరకే" అనేశాడు. తీరా చూస్తే దగ్గింది కొత్తగా చేరినావిడ, జలుబుతో. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి షెడ్డంతా తెల్లబారింది. తీగలన్నీ పీకి తగలబెట్టారు.

నింద పోయిపోయి ఆ కొత్తావిడ మీదే పడింది. ఆయన చూసినప్పుడు మరకేననీ, ఆ తర్వాత ఈమే తెగులున్న వెనక షెడ్డులో పనిచేసి, చేతులు కడుక్కోకుండా వచ్చి అంటించిందన్నారు. ఈ రోజుతో ఆమె పని ఆఖరు. మధ్యాహ్నం ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబాయ్, నేను కడుక్కునే వచ్చాను, నా పిల్లల మీద ఒట్టు. మీ మాటంటే సూపర్‌వైజరమ్మకి గురి. ఒక్క మాట చెప్పండి."

"చూద్దాంలే అమ్మా" అన్నాడు.

చూడడానికేముంది? నిజం చెబితే తనను గేటు బయట నిలబెడతారు. ఇల్లు మూగబోయి చాలాకాలమైంది. భార్య దగ్గు కోసం చెవి పెట్టగల చోటు ఈ షెడ్డు ఒక్కటే. దీన్ని వదులుకోవడం ఆయనవల్ల కాదు.

ఎండ కాస్త వాలాక సూపర్‌వైజరమ్మ వచ్చింది. "ఏంటి పెద్దాయనా, మరకా, తెగులా? చూసి చెప్పండి."

కళ్లు మూసుకున్నాడు. పక్క వరుసలో ఎవరో దగ్గారు. ఒక్కసారే. కాస్త బొంగురుగా, చివర్లో చిన్న విసుగుతో. కళ్లు తెరిచి చూస్తే వరుసలో ఎవరూ లేరు. కొత్తావిడ దూరంగా గేటు దగ్గర తన సంచీ సర్దుకుంటోంది. సూపర్‌వైజరమ్మ ఏమీ విననట్టే ఉంది.

ఈ చెవులను ఒకసారి నమ్మి షెడ్డు తీగలన్నీ తగలబెట్టించాడు. అందుకే ఆకును తిప్పి అడుగున చూశాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆకు తిప్పడం అదే మొదలు. అడుగున కూడా చిటికెడు చిటికెడు పిండి అద్దినట్టు మచ్చలు.

"తెగులేనమ్మా. పైనుంచి పడే నీళ్లు అడుక్కెలా పోతాయి? కింది ఆకులు ఇప్పుడే కోయించి సంచుల్లో కట్టించండి. ఈ ఎండలో మందు వద్దు, ఆకు మాడిపోద్ది. రేపు పొద్దున్నే, అడుగు కూడా తడిసేలా కొట్టించండి."

ఆమె వెళ్లబోయింది. గేటు దగ్గర సంచీ సర్దుకుంటున్న మనిషిని చూస్తుంటే, ఆ దగ్గు చివర విసుగు తన మీదేననిపించింది ఆయనకు.

"ఇంకో మాటమ్మా. పోయినసారి తప్పు నాది. ఆ అమ్మాయిది కాదు." నిండా మునిగినవాడికి చలేమిటి? దగ్గుల సంగతంతా చెప్పేశాడు. సూపర్‌వైజరమ్మ మొదట నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ఇది పైవాళ్లకి చెప్పకుండా ఉండలేను, పెద్దాయనా."

"చెప్పండి. ఆ అమ్మాయిని ఉంచండి. నేను పోతాను."

ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించాడు. వెళ్తూ పక్క వరుస మొదట్లో ఆగి, "మరి నేను పోనా?" అన్నాడు మెల్లగా. చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క దగ్గూ రాలేదు. గేటు దాటి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ పక్క వరుసలో కింది ఆకులు కోస్తున్న కొత్తావిడకు స్తంభం వెనక ఒక నీళ్లసీసా కనిపించింది. మెడకు ఆడవాళ్లు జడకు పెట్టుకునే రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. ఆ వరుసలో ఏడాదిగా పెద్దాయనకు తప్ప ఎవరికీ పని వేయలేదు. సీసాలో నీళ్లు మాత్రం ఈ పొద్దున పట్టినవే, మూతదాకా ఉన్నాయి, ఒక్క గుక్కా తగ్గలేదు.