హెల్మెట్ కోసం దిగినవాడు

వసంతకుమార్ ఓడలో భద్రతా ప్రతినిధి అయింది తెలివితేటల వల్ల కాదు. నెలవారీ మీటింగులో చీఫ్ ఆఫీసరు "ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని అడిగిన సమయానికే ఇతను ఇంకో కప్పు టీ కావాలని చెయ్యెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నందికొట్కూరు పక్క పల్లెలో పుట్టి, ఇరవయ్యో ఏట గానీ సముద్రం చూడని మనిషికి అంత గౌరవం దక్కితే కాదనడం ఎలా? ఆ రోజు నుంచి తెల్ల హెల్మెట్ పెట్టుకుని, పనికి ముందు నింపాల్సిన కాగితం మీద టిక్కులు కొట్టడం మొదలుపెట్టాడు. లోపలి గాలిని పరీక్షించారా? టిక్కు. బయట కాపలా మనిషి ఉన్నాడా? టిక్కు. చాలాసార్లు ఆ మనిషీ లేడు, ఆ పరీక్షా లేదు. టిక్కులు మాత్రం ముత్యాల్లా పడేవి.

ఇప్పుడతను కుడిచెయ్యి మెడకు కట్టుకుని సొంత ఇంట్లో మంచం మీద కూర్చున్నాడు. తుఫానులో జారిపోతున్న తోటివాణ్ణి పట్టుకోబోతే భుజం ఎముక విరిగిందని ఊరికి చెప్పాడు. మొదటిరోజు అలలు ఇంటి ఎత్తు ఉండేవి. పొరుగింటి గురమ్మ పలకరించడానికి వచ్చేసరికి చర్చి శిఖరమంత పెరిగాయి. పాస్టరు ఏసన్నగారు విని, ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు.

భార్య జీవిత ఒక్కతే అడిగింది. "ఆ పొద్దు ఫోన్లో ఎండ మండిపోతాండాదంటివే?"

"తుఫాను మద్దేనం వచ్చిందిలే" అన్నాడు.

నిజానికి ఆ రోజు సముద్రం తాంబాళంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. ఓడ నిండా మొక్కజొన్నలు. సరుకు గదులు మూసి ఇరవై రెండు రోజులు. రేవు చేరడానికి ముందురోజు, ఒక గదిలోకి దిగే చిన్న ఇనుప మూత తెరిచి వసంతకుమార్ తొంగిచూశాడు. హెల్మెట్ జారి లోపల పడి, నిచ్చెన కింది గట్టు మీద ఆగింది. భద్రతా ప్రతినిధి హెల్మెట్ లేకుండా కనిపిస్తే పరువేం కావాలి? దిగాడు. నాలుగో మెట్టు దగ్గర మోకాళ్ళు అతని మాట వినడం మానేశాయి. గట్టు మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. తూత్తుకుడి నుంచి వచ్చిన తోటి నావికుడు అంతోణి అది చూసి, వెంట దూకకుండా కేకలేసి మనుషుల్ని పిలిచాడు. శ్వాస సిలిండరు తగిలించుకున్నాకే దిగి, తాడు కట్టి పైకి లాగించాడు. మూసిన గదిలో ధాన్యం ప్రాణవాయువును తినేస్తుంది. కాగితంలో మొదటి ప్రశ్నే అది. దానికి పొద్దున్నే టిక్కు పడి ఉంది.

ఏ ప్రమాదం జరిగినా విచారించి నివేదిక రాయాల్సింది భద్రతా ప్రతినిధే. అంటే తన మీద తనే. ఎడమచేత్తో ఫోన్‌లో మూడు రోజులు కష్టపడి మూడు వాక్యాలు రాశాడు. గాలి బలంగా వీచింది. మూత ఇరుకుగా ఉంది. హెల్మెట్ పట్టీ నాసిరకం.

నాలుగోరోజు అతని జేజి, నాయన తల్లి విశ్వాసమ్మ, వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అలలకు చెయ్యిరిగినోడు, మద్దేనం పండుకోని 'గాలాడల్యా, మూత తియ్యండి' అని పలవరిస్తాడా?"

వసంతకుమార్ మెడకున్న కట్టు సర్దుకున్నాడు.

"ఓడలో ఏం ఏసుకోని పోతాంటిరి?"

"మొక్కజొన్నలు జేజీ."

"ఎన్నాళ్ళు మూసిపెట్టినారు?"

"ఇరవై రెండు దినాలు."

"అంటే పాతరే గదరా అది." పాతరంటే పూర్వం జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. "మూత తీసి ఎంతసేపు ఆగినావు? దీపం దించి సూసినావా?"

"లేదు జేజీ."

"మీ చిన్నతాత దానప్ప అట్లనే ఆగకుండా దిగె. కూలబడె. వాణ్ణి తీయల్లని వాని బామ్మర్ది దిగె. ఇద్దరినీ ఒగే బండ్లో మోసినారు. ఆ పొద్దు నుంచి దీపం దించకుండా ఈ ఊర్లో ఎవురూ దిగలేదు. మాకు కాగితాల్యాడివిరా?"

వసంతకుమార్‌కు అంతోణి గుర్తొచ్చాడు. అక్కడ అంతోణి కాక తనలాంటివాడే ఇంకొకడు ఉండి ఉంటే, కాపాడదామని దూకి ఉండేవాడు. అప్పుడు రెండు శవాలు తీయాల్సి వచ్చేది. తన పదకొండేళ్ళ అనుభవమంతా చదువురాని జేజి అడిగిన రెండు ప్రశ్నల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

రాసిన మూడు వాక్యాలూ చెరిపేసి, తను చెప్తుంటే రాయమని జీవితకు ఫోనిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ప్రమాదానికి కారణం ఏమని రాయల్ల?" ఆమె అడిగింది.

"నేను అని రాయి."

ఆమె ఒకసారి అతని మొహంలోకి చూసి, రాసింది. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాడు, చూడకుండా కొట్టిన టిక్కులతో సహా. ఇకపై ఏం చెయ్యాలో కూడా రాయించాడు. మూతలకు తాళాలు వేసి తాళంచెవి ఆఫీసరు దగ్గర ఉంచాలి. తెరిచాక గాలి ఆడనివ్వాలి. మనిషి కంటే ముందు గాలిని కొలిచే మీటరు దిగాలి. మూత దగ్గర ఒక మనిషి ఉండాలి, ఏం జరిగినా అతను ఒంటరిగా లోపలికి దిగకూడదు.

"జేజి దీపం అనె గదా, రాయల్నా?"

"వద్దులే. ధాన్యం దుమ్ముకు మంటంటుకుంటే ఓడే లేసిపోతాది."

ఆదివారం చర్చిలోనూ నిజమే చెప్పాడు. హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత చర్చంతా నవ్వింది. పాస్టరు గారు తన నవ్వును దగ్గుతో కప్పిపుచ్చుకున్నారు. బయటికొచ్చాక గురమ్మ, "అలల కతే శానా బాగుండె నాయనా" అంది.

రెండు నెలల తర్వాత కంపెనీ ఆ నివేదికను తన ఓడలన్నిటికీ పంపింది. మర్యాదకు పేరు తీసేసి 'ఒక భద్రతా ప్రతినిధి' అని పెట్టారు. హెల్మెట్ సంగతి మాత్రం ఉంచారు కాబట్టి అది ఎవరో తెలియనివాడు లేడు.

ఒకరోజు అంతోణి వీడియో కాల్ చేశాడు. ఇప్పుడు మూతలన్నిటికీ తాళాలున్నాయట. గాలి ఆడేదాకా, మీటరు సరేననేదాకా గంటసేపు ఎండలో నిలబడాల్సి వస్తోందట.

"అందరూ నిన్ను తిడుతున్నారు" అన్నాడు హిందీలో.

"గంటసేపు నిజంగానే నిలబడుతున్నారా?"

"నిలబడే తిడుతున్నారు."

వసంతకుమార్ మంచం మీద సర్దుకుని కూర్చుని, ఎవరెవరు ఏమేం తిడుతున్నారో వరసగా చెప్పించుకున్నాడు. అరవంలో తిట్టినవాటికి అర్థం కూడా అడిగి మరీ తెలుసుకున్నాడు.