కింది కొస పట్టే మనిషి

డెబ్బై తొమ్మిది, ఎనభై, ఎనభై ఒకటి... ఒక కన్ను మూసి, రెండో కంటితో గడియారం ముల్లును చూస్తూ పక్కలోనే లెక్కపెడుతున్నాడు కిందాయన. కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. నిమిషం ముగిసేసరికి ఎనభై రెండు. నెల కిందట ఇదే మంచం మీద అరవై రెండు.

"ఎంత నాన్నా?" వంటగదిలోంచి కూతురు అడిగింది.

"అరవై నాలుగమ్మా."

చెప్పేశాక ఆయనకే నవ్వొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చి, మార్కుల కాగితం దాచిన బడిపిల్లాడిలా అబద్ధమా! సిగ్గేసి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

కూతురు జిమ్‌లో కసరత్తు నేర్పుతుంది. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆమెను రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ కండకు వారానికి ఎన్నిసార్లు పని చెప్పాలి? మరీ ఎక్కువ చేస్తే ఒళ్ళు నిజంగా చెడుతుందా, లేక బద్ధకస్తులు పుట్టించిన మాటా? ఆమె చిలక్కి చెప్పినట్టు చెబుతుంది. "వారానికి రెండుసార్లు చాలండీ. మధ్యలో రెండు రోజులు దాన్ని వదిలేయండి. కండ పెరిగేది బరువు కింద కాదు, నిద్రలో. ఒళ్ళు చెడటమూ నిజమే. కాకపోతే అద్దం ముందు సగం సేపు గడిపే మీకు ఆ భయమేం అక్కర్లేదు. ఆపడం చేతకానివాళ్ళకే ఆ తిప్పలు." అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చి తండ్రిని చూస్తే మాత్రం నవ్వు రాదు.

తండ్రి ఇళ్ళ సామాన్లు మోసే మనిషి. ముప్పై ఏళ్ళుగా మెట్ల మీద బరువులు ఎక్కించడం, దించడం. ఈ మధ్య నిద్ర పట్టడం లేదు, పట్టినా అలుపు తీరడం లేదు, ముద్ద గొంతు దిగడం లేదు. పదిహేను రోజులు పూర్తిగా పని మానెయ్యమని ఆమె బతిమాలింది. వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "పని ఆపినవాళ్ళే పోవడం చూశానమ్మా నేను. ఎత్తుతూ ఉన్నన్నాళ్ళూ మనిషికేం కాదు" అన్నాడు. బేరం ఆడి, ఆడి, చివరికి ఒక పట్టీ రాయించుకున్నాడు. సోమ, గురువారాలు కాళ్ళకు పని. మంగళ, శుక్రవారాలు వీపుకు. బుధ, శనివారాలు భుజాలకు. ఏ రోజు ఏ భాగం పనిలో ఉంటే, ఆ రోజు మిగతావాటికి సెలవు. కూతురికి అది మనసొప్పని పని, కానీ బొత్తిగా లేనిదానికంటే నయమనుకుంది.

ఇవాళ గురువారం.

"బావా, పుస్తకాల పెట్టె భుజానికెత్తు," అన్నాడు వ్యాన్ దగ్గర బావమరిది. పోయిన భార్యకు తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా ఏ బరువుకైనా పై కొస అతనిది, కింది కొస ఈయనది.

"కుదరదు. ఇవాళ భుజాలకు సెలవు."

"మరి చేతులకో?"

"వాటికీ సెలవే."

"అయితే కాళ్ళతో తన్నుకుంటూ తీసుకెళ్ళు. ఎవరి పుస్తకాలో, జ్ఞానం దానంతటదే దొర్లుకుంటూ పోతుంది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే కిందాయన పెట్టెను భుజానికెత్తుకున్నాడు. పట్టీలో రాసినట్టు లోకంలో సామాన్లు ఉండవు కదా.

మెట్లెక్కేటప్పుడు బరువంతా కిందున్నవాడి మీదే పడుతుంది. పైవాడు వెనక్కి నడుస్తూ దారి చూపిస్తాడు, కిందివాడు మోస్తాడు. ఎవరో ఒకరు పట్టాలి కాబట్టి మొదటి రోజు ఈయన కిందికొస పట్టాడు. తర్వాత ఎవరూ మార్చమని అడగలేదు, ఈయనా అడగలేదు. అసలు పేరు జీతం ఇచ్చే చోట మాత్రమే మిగిలి, ఊరందరికీ కిందాయన అయిపోయాడు. దాని వల్ల ఒక వింత లాభం కలిగింది. అందరూ బల్లలనూ మంచాలనూ పైనుంచి చూస్తారు, ఈయన అడుగునుంచి చూశాడు. వడ్రంగి పెన్సిల్‌తో గీసి చెరపడం మరిచిన గీతలు. భోజనబల్ల అడుగున ఎవరో పిల్ల అంటించిన బంక. ఒక మంచం అడుగున సుద్దతో గీసిన చిన్న ఓడ. అది ఎవరు గీశారో, అక్కడే ఎందుకు గీశారో ఆ ఇంటివాళ్ళకే తెలియదు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ ఓడ చీకట్లో మెల్లగా కదులుతూ పోతుంది.

మధ్యాహ్నం వ్యాన్ లోపల, దుప్పట్ల కుప్ప మీద కూర్చుని అన్నం తిన్నారు. రెండు ముద్దలు తిని కిందాయన డబ్బా మూసేశాడు. తెరిచిన తలుపులోంచి వచ్చిన ఎండలో దుమ్ము తేలుతోంది. తనూ అలాగే తేలుతున్నట్టు, కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది. ఫోన్ మోగింది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా. ఒక్క మాట అడగనా? గుండె కూడా కండేనంటారు కదా. పట్టీలో దానికి ఏ రోజు సెలవు రాశావు?"

ఆమె జిమ్ గోలలోంచి పక్కకు వచ్చింది.

"దానికి విడిగా సెలవుండదు నాన్నా. దానికి సెలవివ్వాలంటే మిగతా ఒళ్ళంతటికీ ఒకేసారి ఇవ్వాలి."

"అమ్మో, అదెంత గడుసుది!" అని నవ్వి పెట్టేశాడు కానీ, ఆ మాట ఆయన్ను వదల్లేదు. కాళ్ళకు పని చెప్పి వీపును పడుకోబెట్టాననుకున్నాడు, వీపుకు చెప్పి భుజాలను. అన్ని రోజులూ లోపల ఒకటి మాత్రం నోరెత్తకుండా అన్నింటి పనీ చేస్తూనే ఉంది. పాపం అనిపించింది. తన గుండె మీద తనకే జాలి కలగడం ఇదే మొదలు.

చివరి సామాను చెక్క బీరువా, నాలుగో అంతస్తు ఇంటావిడది. దాని చుట్టూ పాత బొంత చుట్టి తాడు బిగించారు. రెండో అంతస్తు దాటాక కిందాయన అన్నాడు:

"ఒరేయ్, రేపట్నుంచి పదిహేను రోజులు రాను."

పైనున్నవాడు ఠక్కున ఆగిపోయాడు. "నువ్వేనా ఈ మాటంటున్నది?"

"పొద్దున లెక్క ఎనభై రెండు వచ్చింది. అమ్మాయికి అబద్ధం చెప్పాను. సాయంత్రం పోగానే నిజం చెప్పేస్తాను. దాన్ని ఏడిపించి నేనేం బావుకుంటాను?"

"హమ్మయ్య! మా అక్క మొత్తుకున్నప్పుడు వినలేదు, కూతురి మాటకు దిగొచ్చావన్నమాట. పద, ఇంకొక్క అంతస్తున్నర."

మూడో అంతస్తు మలుపులో, "దించరా కాస్త" అన్నాడు కిందాయన. మెట్ల మధ్యలో ఆ మాట ఆయన నోట ఇంతకుముందు రాలేదు. దించారు. మళ్ళీ ఎత్తడానికి వేళ్ళు దూరాలని బీరువా అడుగు అంచు కిందికి ఒక చెక్కముక్క తోసి, మెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు. కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్ళో పడుతోంది. ఎక్కడో పై ఇంట్లో ఎవరో కుళాయి తిప్పారు. నీళ్ళు గోడ లోపలినుంచి దిగుతున్న చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

బావమరిది పై మెట్టు మీద కదలకుండా కూర్చున్నాడు. ఇంటావిడ దిగి వచ్చి, "ఏమయ్యా, బీరువా ఇక్కడే ఉంచేస్తారా?" అంది.

అతను నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "మా బావ నిద్రపోతున్నాడమ్మా. ఇన్నేళ్ళలో ఇలా కూర్చోవడం ఇదే మొదటిసారి. కాస్సేపు ఉండనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ మెత్తని మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా పైకి వెళ్ళిపోయింది. కిందికి పోయేవాళ్ళకూ పైకి వచ్చేవాళ్ళకూ అతను సైగ చేస్తూనే ఉన్నాడు. ఒళ్ళోని ఎండ మోకాలి మీదికి, అక్కడినుంచి మెట్టు మీదికి జరిగింది.

అతని జేబులో ఫోన్ మోగితే గబుక్కున ఎత్తాడు.

"మామయ్యా, నాన్న ఫోన్ ఎత్తడం లేదేం? నేనూ రేపట్నుంచి సెలవు పెట్టానని చెప్పు. ఎలాగోలా ఇంట్లో కూర్చోబెడతాను."

"ఆ అవసరం లేదే తల్లీ! తనే ఒప్పుకున్నాడు, పదిహేను రోజులు!" గుసగుసగానే సంబరపడిపోయాడు. "ఇప్పుడు మెట్ల మీద పడుకున్నాడు. అరగంట అయింది. నేను లేపను, నువ్వూ లేపమనకు."

"నిజంగానా?" ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "అరగంటా? మామయ్యా... గురక పెడుతున్నాడా?"

"గురకెక్కడిదే! చంటిపిల్లాడిలా, అసలు చప్పుడే లేకుండా..."

బావ గురక ఈ వీధి నుంచి ఆ వీధికి వినిపిస్తుందని, అక్క బతికున్నప్పుడు దుప్పటి తీసుకుని వంటింట్లోకి పారిపోయేదని అతనికి ఆ క్షణంలో గుర్తొచ్చింది. చేతిలో ఫోన్ "మామయ్యా, మామయ్యా" అంటూనే ఉంది. అతను ఒక్కో మెట్టూ దిగాడు.

మర్నాడు మరో ఇద్దరు మనుషులు వచ్చేదాకా బీరువా ఆ మలుపులోనే ఉండిపోయింది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు గోడకు ఒరుసుకుంటూ దాని పక్కనుంచి పోయారు. కింది అంచున మాత్రం, రెండు చేతుల వేళ్ళు దూరేంత సందు పట్టి, ఆ చెక్కముక్క అలాగే నిలబడి ఉంది.