అత్తగారి సైకిలుకు కొత్త క్లచ్

మా అత్తగారికి అరవై నాలుగేళ్లు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఊరి బయట కొండ మీదికి సైకిలేసుకుని పోతుంది. ఆవిడ వయసు వాళ్లు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటుంటే ఈవిడ టైర్లలో గాలి ఎంతుండాలో చెబుతుంది. ఆ సైకిలు మంచిచెడ్డలు చూసేది నేను. మేడ మీద మా కాపురం, కింద నా సైకిలు రిపేరు షాపు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నా చేతిలో పడ్డ సైకిలు అదే జబ్బుతో మళ్లీ తిరిగి రాదని నాకు కాస్త పొగరు కూడా ఉంది. ఆ పొగరు అణచడానికి దేవుడు బయటివాళ్లనెవరినీ పంపలేదు, ఇంట్లోనే అత్తగారిని పెట్టాడు.

రెండు నెలల కిందట ఆవిడ కొండ దిగుతూ పడింది. రాళ్ల మీద సైకిలు ఎగిరెగిరి చైను ఊడిపోయింది. అది తెలియక ఆవిడ బలంగా తొక్కేసరికి పెడలు వట్టినే గిర్రున తిరిగింది, ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. భుజం కమిలింది, గడ్డం చీరుకుపోయింది. మా ఆయన ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. కళ్లద్దాల షాపులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. తల్లి గడ్డానికి వారం రోజులు మందు రాశాడు గానీ ఒక్క మాటా అనలేదు. గాయం మానిన రోజున మాత్రం భోజనాల దగ్గర తేల్చేశాడు.

"అమ్మా, ఇంకొక్కసారి చైను ఊడిందంటే కొండ మాటెత్తకూడదు. పడ్డా సరే, పడకపోయినా సరే."

"అలాగేరా," అంది ఆవిడ, అన్నంలో పెరుగు కలుపుకుంటూ.

ఆవిడ అంత తేలిగ్గా దేనికీ ఒప్పుకునే రకం కాదు. నా పనితనం మీద నమ్మకంతో ఒప్పుకుందనుకుని పొంగిపోయాను.

అసలు సంగతి ఏమిటంటే, వెనక చక్రం పక్కన గేర్లు మార్చే చేయి ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని మేము డీరైలర్ అంటాం. దాని లోపల చిన్న క్లచ్ ఉంటుంది. గతుకుల్లో ఆ చేయి ఊగకుండా, చైను వదులు కాకుండా పట్టి ఉంచడమే దాని పని. అది అరిగిపోతే చైను చటచటా కొట్టుకుని, చివరికి ముందు పళ్ల చక్రం మీంచి జారిపోతుంది. అత్తగారి సైకిలు మూత విప్పి చూస్తే లోపలి పట్టీ నున్నగా అరిగిపోయి ఉంది. రోగం దొరికింది కదా అని మర తిప్పి గట్టిగా బిగించాను. చేత్తో లాగి చూస్తే ఎంత పట్టుగా ఉందో. ఈల కూడా వేశాను.

ఆదివారం ఆవిడ తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండా తిన్నగా చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. వెనకే వెళ్లి చూస్తే గోళ్ల నిండా నల్ల గ్రీజు.

"మళ్లీ ఊడిందా అత్తయ్యా?"

"ఊడింది. పడలేదులే, ఎక్కించుకున్నాను. వాడికి చెప్పకు."

చెప్పలేదు. దొంగతనంలో వాటా తీసుకున్నట్టు ఆ పూటంతా ఆయన మొహం చూడలేకపోయాను. ఆ వారమే పాత డీరైలర్ తీసి పారేసి కొత్తది బిగించాను. కొత్త క్లచ్, కొత్త చైను. అంతటితో ఊరుకోకుండా, బిగించగలిగినంత బిగించాను. ఇంక ఆ చైను ఊడాలంటే నన్ను దాటుకునే ఊడాలి అనుకున్నాను.

తర్వాతి ఆదివారం మళ్లీ గోళ్లలో గ్రీజు.

నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, స్పానర్ల డబ్బాని ఎత్తి బల్ల మీద వేస్తే సగం నేల మీద దొర్లాయి. ఆ క్లచ్ తయారుచేసిన వాళ్లనీ, అమ్మిన వాళ్లనీ, కొన్న నన్నూ కలిపి తిట్టాను. అత్తగారు మెట్ల మీద కూర్చుని అంతా విని, "టీ తాగుతావా?" అని అడిగింది.

కోపం చల్లారాక సైకిలుని స్టాండుకెక్కించి చూశాను. డీరైలర్ మీద చిన్న మీట ఉంటుంది. పైకెత్తితే క్లచ్ పనిచేస్తుంది, దించితే పనిచేయదు. చక్రం విప్పేటప్పుడు తప్ప దాన్ని దించే అవసరం ఉండదు. అది కిందికి ఉంది. నేనే చక్రం బిగించాక ఎత్తడం మరిచిపోయానేమోనని సిగ్గుతో చచ్చిపోయాను. పద్నాలుగేళ్ల అనుభవం ఏ గంగలో కలిసినట్టు? మీట ఎత్తాను. శనివారం సాయంత్రం మరోసారి చూశాను. ఆదివారం ఆవిడ బయల్దేరే ముందు ఇంకోసారి తడిమాను. పైకే ఉంది.

ఆవిడ వెళ్లాక మేడ మీది కిటికీ దగ్గర నిలబడ్డాను. వీధి చివర మలుపు దగ్గర ఆవిడ ఆగింది. ఇటూ అటూ చూసింది. సైకిలు దిగి, వంగి, వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టింది.

మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తాను.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"దుమ్ము తుడుస్తున్నాను."

"దుమ్ము తుడిస్తే మీట ఎందుకు దిగింది?"

ఆవిడ ముప్ఫై ఏళ్లు టైలరుగా పనిచేసింది. వంద అబద్ధాలు చెప్పిన కస్టమర్లని చూసింది గానీ తను చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. కుడి చేతి గ్లవ్ తీసి బొటనవేలు చూపించింది. వేలి మొదట్లో కీలు ఉబ్బి ఉంది. ముప్ఫై ఏళ్లు కత్తెర ఆడించిన చోటు అది. రోజూ ఆ చేత్తోనే నాకు టీ కప్పు అందిస్తుంది. నేను ఒక్క రోజూ చూడలేదు.

"ఆ మీట పైకుంటే హ్యాండిలు మీది గేరు నొక్కడానికి ఈ వేలు చాలడం లేదే. అరచేత్తో తొయ్యాల్సి వస్తోంది. అరచెయ్యి ఎత్తితే హ్యాండిలు వదిలేసినట్టే కదా. దించేస్తే కాస్త నొక్కగలుగుతున్నాను. చైను ఊడితే ఊడింది, ఎక్కించుకుంటున్నాను."

"మరి ఇన్నాళ్లూ ఎలా నొక్కారు?"

"ఇన్నాళ్లూ అది అరుగుతూ వచ్చింది, నేనూ అరుగుతూ వచ్చాను. దాని బిగువు తగ్గినకొద్దీ నా వేలికి సరిపోయింది. ఇద్దరం కలిసే అరిగాం. నువ్వు దాన్నొక్కదాన్నే బాగుచేశావు."

క్లచ్ బిగిసినకొద్దీ గేరు నొక్కడం బరువవుతుంది. నేను బిగించిన ప్రతిసారీ అది ఆవిడ చేతికి అందకుండా పోయిందన్నమాట. ఆవిడని కొండ మీద ఉంచుదామనుకుని నేనే కిందికి దించుతున్నాను. ఏడుపొచ్చింది, దాంతో పాటు కోపమూ వచ్చింది.

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"సైకిలు పాతబడిందంటే బాగుచేస్తారు. నేను పాతబడ్డానంటే కూర్చోబెడతారు," అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వంక చూడలేదు.

నేను సైకిలుని ఇంటి వైపు తిప్పాను. ఆ ఆదివారం కొండ లేదు. షాపు తలుపు తీశాక ఆవిడే అందుకుంది.

"నేనైతే మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలవకుండా ఏనాడూ గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. నువ్వు సైకిలుని స్టాండు ఎక్కిస్తావు, నన్ను మేడ ఎక్కించేస్తావు."

నిజమే. పద్నాలుగేళ్లలో తొక్కే మనిషిని పక్కన పెట్టుకుని క్లచ్ బిగించిన పాపాన పోలేదు నేను. ఈసారి ఆవిడని సీటు మీదే కూర్చోబెట్టాను. వెనక చక్రాన్ని నేల మీంచి ఎత్తి పెట్టి, ఆవిడ పెడలు తిప్పుతూ గేరు నొక్కుతుంటే నేను కింద కూర్చుని మర పట్టుకున్నాను. క్లచ్‌ని ముందు బాగా వదులు చేసి, అక్కణ్ణుంచి మళ్లీ పైకి వచ్చాం.

"ఇప్పుడు?"

"దూదిలా ఉంది."

మర ఇసుమంత తిప్పాను. "ఇప్పుడు?"

"నొక్కగలను."

ఇంకో ఇసుమంత. "ఇప్పుడు?"

"నొక్కగలను."

"మొహం చూస్తే అలా లేదు. నిజం చెప్పండి."

"కొంచెం వెనక్కి తిప్పు," అంది, ఓటమి ఒప్పుకుంటున్నట్టు.

అక్కడ ఆపాను. అంత వదులు క్లచ్ ఒక్కటే చైనుని ఆపలేదు కాబట్టి ముందు పళ్ల చక్రం మీద చిన్న కాపు బిగించాను, చైను గెంతినా బయటికి పోకుండా. గేరు లాగే కేబులు కొత్తది వేశాను, అది తేలిగ్గా జారితే వేలికి సగం బరువు తగ్గుతుంది. మధ్యాహ్నం దాకా పట్టింది. పదిసార్లు వరసగా నొక్కాక ఆవిడ వేలు విదిలించుకుంది.

"పదకొండోసారికి ఏం చెయ్యను?"

"దిగి నడవండి."

"నేనా?" అంది. కొండ మీద ఆవిడ సైకిలు దిగి నడవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. అది ఆవిడ పొగరు. పొగరు నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"దిగండి. ఇంకోటి, మీ అబ్బాయికి కూడా మీరే చెప్పాలి. ఇక నా వల్ల కాదు దాచడం."

"వాడు కొండ మానిపిస్తాడు."

"మానిపిస్తే మానిపిస్తాడు. దాచి ఎక్కిన కొండ ఎన్నాళ్లు నిలుస్తుంది?" అన్నాను. అన్నాను గానీ లోపల నాకూ గుబులుగానే ఉంది.

తర్వాతి ఆదివారం మా ఆయన ఎందుకో తనూ వస్తానన్నాడు. ఆవిడ పైకి వెళితే మేమిద్దరం కొండ కింద సైకిళ్లు ఆపే చోట నిలబడ్డాం. ఆయన వాచీ చూసుకోవడం, నేను చూడనట్టు నటించడం. చాలాసేపటికి పై మలుపులో చైను కాస్త చటచటమనే చప్పుడు వినిపించింది, ఆవిడ రాళ్ల మీంచి దిగుతూ వచ్చి మా ముందు బ్రేకు వేసింది. ఒళ్లంతా దుమ్ము. మా ఆయన తల్లి మొహం కన్నా ముందు చైను వంక చూశాడు. దాని చోట అది ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

"చైను ఊడలేదురా. కానీ రెండు చోట్ల దిగి నడిచాను. గేరు నొక్కడానికి వేలు చాలలేదు. కిందటి నెలలో మాత్రం రెండుసార్లు ఊడింది, నీకు చెప్పలేదు. కోడలిది తప్పు కాదు, నేనే చెప్పొద్దన్నాను."

ఆయన తల్లి చెయ్యి అందుకుని, గ్లవ్ తీసి, ఉబ్బిన కీలుని మెల్లగా నొక్కి చూశాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీర్పు కోసం నిలబడ్డట్టు నిలబడింది. నేను ఆయన మొహం చూడటానికి భయపడి సైకిలు టైరు వంక చూస్తూ ఉండిపోయాను.

"దిగి నడిచావా?" అన్నాడు.

"నడిచాను."

"నీ అంతట నువ్వే?"

"నేనే రా. రెండు చోట్ల."

ఆయన ఆ వేలు వదల్లేదు.

"నా భయమల్లా నువ్వు దిగవనే కదమ్మా," అన్నాడు. "వచ్చే వారం కావాలంటే మూడు చోట్ల దిగు."