వెనక తలుపు కొలత

కళాకేంద్రం ఇంకా పునాది దాటలేదు గానీ, అందులోని కుర్చీలన్నింటికీ అప్పుడే యజమానులు తయారయ్యారు. విరాళమిచ్చినవారి పేరు కుర్చీ వీపు మీద ఇత్తడి రేకులో చెక్కిస్తామని కమిటీ ప్రకటించింది మరి. కుర్చీలు అయిపోయాక స్తంభాలు, స్తంభాలయ్యాక దీపాలు, ఆఖరికి మంచినీళ్ళ కుళాయిని కూడా ఒకాయన అత్తగారి పేరు మీద తీసుకున్నాడు. ఎవరూ అడగనిది వెనక తలుపొక్కటే. ఎవరికీ కనపడని చోట పేరు పెట్టుకుని ఏం లాభం?

మెట్ల మేస్త్రి ఆ తలుపునే చూశాడు. నలభై ఏళ్ళుగా నాటకాలకు సెట్లు కడుతున్న వడ్రంగి అతను. రాజసభ మెట్లు కట్టడంలో అతన్ని మించినవాడు లేడని ఆ పేరు స్థిరపడింది. కళాకేంద్రం నమూనాను కమిటీ ఆఫీసులో బల్ల మీద పెట్టిన రోజు, వచ్చినవాళ్ళంతా ముఖద్వారం చూసి నోరు వెళ్ళబెట్టారు. మేస్త్రి మాత్రం వెనక్కి వెళ్ళి గొంతుక్కూచుని, జేబులోంచి చెక్క స్కేలు తీశాడు. అడుగుకి అర అంగుళం లెక్కన కట్టిన నమూనా అది. తలుపు వెడల్పు రెండంగుళాలుంది. అంటే నాలుగడుగులు. మనిషి పడతాడు, సెట్టు పట్టదు.

తలుపు కొలవనిదే రంపం పట్టని అలవాటు అతనికి ఊరికే రాలేదు. కుర్రతనంలో ఒక హాలు తలుపు చూడకుండా మెట్లు కట్టి, అవి లోపలికి పోక, రెండు ముక్కలుగా కోసి లోపల అతికించాడు. రాజుగారు మూడో మెట్టు మీద నిలబడి శాసనం చదువుతుండగా అతుకు విడిపోయింది. జనం నవ్వారు. రాజు వేషం వేసినాయన మాత్రం ఇప్పటికీ కుంటుతున్నాడు.

ఆ కమిటీలోనే మేస్త్రి కూతురు విరాళాల సభలు నడుపుతోంది. ఏడాదిగా తాత్కాలిక ఉద్యోగం. మైదానంలో జరిగే పెద్ద సభ గట్టెక్కితే, ఉద్యోగం ఖాయం చేస్తున్నట్టు వేదిక మీదే ప్రకటిస్తానని అధ్యక్షుడు మాటిచ్చాడు.

"చెప్పాను నాన్నా, రెండుసార్లు చెప్పాను," అంది ఆమె. "వెనక తలుపు పెంచితే ఖర్చు పెరిగి, ముందు దాతల పేర్ల గోడ తగ్గించాల్సొస్తుందట. సభ అయ్యాక చూద్దామన్నారు."

"అయ్యాక చూసేదేంటే? గోడ లేచాక తలుపు దానంతటదే పెరగడానికి అదేమన్నా పసిపిల్లా?"

"అదిగో, ఆ నోరే వద్దంటున్నాను. సభలో మాట్లాడనని ఒట్టెయ్యి."

మేస్త్రి ఒట్టేశాడు. కూతురు ఊపిరి పీల్చుకుని, నమూనాలో వేదిక బోసిగా ఉందని, దాని మీద పెట్టడానికి రాజసభ మెట్ల సెట్టు చిన్నది చేసిపెట్టమంది. అడగకపోయినా బాగుండేది.

మేస్త్రి మూడు వారాలు కూర్చుని తొమ్మిది మెట్లు చేశాడు. ఎనిమిదడుగుల వెడల్పుకు సరిగ్గా నాలుగంగుళాలు. వెడల్పు తగ్గించి చేస్తే గొడవే లేదు. చెక్కతో అబద్ధమాడటం చేతకాదని తనకు తాను చెప్పుకున్నాడు. చేతకాకపోవడం కాదు, ఇష్టం లేదు. అట్టపెట్టెలో పెట్టి, సభకు రెండు రోజుల ముందు కూతురికిచ్చాడు.

సభ బాగానే సాగింది. పిల్లలు పాడారు, పెద్దలు తమ గురించి తాము చెప్పుకున్నారు. అప్పుడు అధ్యక్షుడు పెట్టె విప్పి, "మన వేదిక మీదికి తొలి సెట్టు నా చేతుల మీదుగా!" అని చప్పట్లు కొట్టించుకుని, మెట్లను మైదానానికి తెచ్చిన నమూనా వెనక తలుపులోంచి లోపలికి తోశాడు. పైకప్పు బిగించేశారు, ఇంకో దారి లేదు. మెట్లు దూరలేదు. అడ్డంగా తిప్పాడు. తలకిందులు చేశాడు. ముందు వరసలో కుర్చీలు కొన్నవాళ్ళంతా ఒక్కసారిగా మేస్త్రులైపోయి, ఏటవాలుగా పెట్టమని ఒకరు, మెల్లగా నొక్కమని ఒకరు అరిచారు.

అధ్యక్షుడు చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు. "ఏం మేస్త్రీ, కొలత తప్పినట్టుందే? వయసు మీద పడిందా?"

మైదానమంతా నవ్వింది. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళలో ఆ మాట అతన్ని అన్నవాడు లేడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కూతురి వైపు చూసి, దాన్ని మింగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కూతురు ముందుకొచ్చి మైకు తీసుకుంది. "కొలత తప్పలేదండీ. మెట్లు సరిగ్గానే ఉన్నాయి, తలుపే చిన్నది." అధ్యక్షుడు ఏదో గొణిగాడు. ఆమె అటు చూడలేదు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు నాన్నా. ఎంతుండాలో చెప్పు."

మేస్త్రి లేచాడు. రాజుగారి కాలి కథ మొదలుకుని చెప్పవలసింది చాలా ఉంది. అదంతా పక్కన పెట్టేశాడు.

"పదడుగుల వెడల్పు," అన్నాడు. చెయ్యి పైకెత్తి చూపిస్తూ, "పన్నెండు ఎత్తు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. రెండు కుర్చీలు కొన్న ఒక ముసలావిడ, సెట్టే రాని వేదిక ముందు కుర్చీ దేనికని అధ్యక్షుణ్ణి పైకే అడిగింది. కళాకేంద్రం కడుతున్న ఇంజనీరు ఆ కొలతలు కాగితం మీద రాసుకున్నాడు. అధ్యక్షుడు మాత్రం ఉద్యోగం ఊసెత్తకుండా వందన సమర్పణకు వెళ్ళిపోయాడు.

తండ్రీకూతుళ్ళు నడిచి ఇంటికి బయల్దేరారు. మెట్లు ఆమె చేతిలో ఉన్నాయి. వీధి మలుపు తిరిగాక ఆమె అడిగింది.

"రెండంగుళాలు తగ్గిస్తే దూరిపోయేవి కదా నాన్నా?"

ఇప్పుడు ఒట్టు చాటున దాక్కునే వీల్లేదు. మేస్త్రికి సిగ్గేసింది. "దూరేవమ్మా. తెలిసే తగ్గించలేదు."

"నాకూ తెలుసు," అంది కూతురు. "నిన్న పెట్టె విప్పి కొలిచాను. కొలిచి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేశాను."