జుల్కిచ్‌ల అయిదు పేర్లు

ద్రీనా నది ఒడ్డున ఒక ఊళ్ళో ఏటా జూలైలో, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. హాల్లో తెరమీద పేరు, దాని పక్కనే బంధువు పేరు పడుతుంది. పేరు చదవగానే ఆ బంధువు లేచి "ఉన్నాం" అనాలి.

పోయినేడు ఆ పేర్లు చూపించే వెబ్ పేజీ సగంలో ఆగిపోయింది. తల్లులు, అక్కచెల్లెళ్ళు పావుగంటసేపు తెల్లతెర చూస్తూ కూర్చున్నారు. వెబ్‌సైట్ తయారుచేసిన విల్దానాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి అలా జరగనివ్వకూడదని పంతం పట్టింది.

తప్పు దొరికింది. ఒక్కో పేరుకీ బంధువెవరో కనుక్కోవడానికి పేజీ డేటాబేస్ దగ్గరికి విడివిడిగా వెళ్ళొస్తోంది. నాలుగు వందల పన్నెండు పేర్లకు అన్నిసార్లూ. ఒక్కో ఉల్లిపాయకీ ఒక్కోసారి బజారుకు వెళ్ళినట్టే. డేటాబేస్‌ను ఒక్కసారే అడిగేలా అన్నిటినీ కలిపి ఒకే క్వెరీగా రాసింది. నిమిషాల తరబడి తెరుచుకోని పేజీ రెప్పపాటులో వచ్చేసింది.

"పోయినేడు ఇది తెరుచుకునేలోపు రెండు కాఫీలు తాగాను. ఇప్పుడు పొయ్యి వెలిగించే టైమైనా ఇవ్వవా?" అన్నాడు పేర్లు చదివే రాసిమ్. విల్దానా మురిసిపోయింది. వేగం కొలుచుకుంది గాని పేర్లు లెక్కపెట్టలేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ జబ్బు ఉంది.

పేర్లు చదివే రోజుకు ముందురోజు ఉదయం హాజ్రాను పిలిచి జాబితా వినిపించింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పేర్లన్నీ కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని విన్నది. చివర్లో తెరిచింది.

"జుల్కిచ్‌లు ఏరీ?"

"ఎవరు పిన్నీ?"

"మా పక్కింటివాళ్ళే. అయిదుగురు. ఇంటిల్లిపాదీ పోయారు. ఏటా వాళ్ళ కోసం నేనే లేస్తాను కదే!"

విల్దానా క్వెరీ తెరిచి చూసింది. పేర్లకు బంధువులను జతచేయమని రాసింది తనే. జత దొరకని పేర్లను క్వెరీ పక్కకు తోసేసింది. తనవాళ్ళంటూ ఒక్కరూ మిగలని ఆ ఇల్లే జాబితాలోంచి పోయింది. తుపాకులు ఒకసారి చెరిపేసిన వాళ్ళను తాను రెండోసారి చెరిపింది. సిగ్గుతో ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? దిద్దెయ్. కాఫీ నే పెడతా," అంది హాజ్రా.

మార్చాల్సింది ఒక్క మాటే. బంధువు ఉన్నా లేకున్నా పేరు రావాలి. ఈసారి లెక్కపెట్టుకుంది. నాలుగు వందల పన్నెండు. పేజీ అంతే వేగంగా వచ్చింది.

మర్నాడు పేర్లు చదవడం సాఫీగా సాగింది. జుల్కిచ్‌ల వంతు వచ్చేసరికి తెరమీద పక్క గడి ఖాళీగా ఉంది. హాజ్రా కర్ర పట్టుకుని లేచి "ఉన్నాం" అంది. కూర్చుంది. మళ్ళీ లేచింది. నాలుగోసారి పక్క కుర్చీ పట్టుకుని లేచింది.

"మెర్సిహా జుల్కిచ్, నాలుగేళ్ళు," చదివాడు రాసిమ్.

హాజ్రా కర్రమీద బరువంతా వేసింది. లేవలేకపోయింది. హాలంతా ఎదురుచూసింది.

వెనక కంప్యూటర్ దగ్గర కూర్చున్న విల్దానా లేచి నిలబడింది.

"ఉన్నాం," అంది.