గాంధారి వంతు

షీబా పద్యం అందుకున్నప్పుడల్లా హేమ కిటికీ వైపు చూసేది. వినడం ఇష్టం లేక కాదు, వింటున్నప్పుడు తన మొహం ఎలా మారుతోందో పక్కవాళ్లు చూస్తారని.

శ్రీకాకుళంలోని ఆ మహిళా కళాశాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం తెలుగు తీసుకున్నవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఆ ఏడాది వాళ్లకు ఇతిహాసాలు ప్రత్యేక పేపరు. క్లాసు మొదలైన రోజున ఉమాశంకర్ మాస్టారు, "మీలో భారతం కథ ఇంట్లో విన్నవాళ్లెవరు?" అని అడిగితే చెయ్యెత్తింది హేమ ఒక్కతే.

శ్రీకూర్మం దాటి ఇసుక దారిలో పోతే సముద్రం ఒడ్డున వచ్చే పల్లె హేమది. తండ్రి వేటకు వెళతాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఇంట్లో పుస్తకాలు లేవు గాని నాయనమ్మ ఉంది. ఆవిడ పేరు తాతమ్మ. ఇసుకలో చేపలు ఎండబెట్టి కాకుల్ని తోలుతూ, పాండవులు పక్క పేటలో కాపురం ఉండి వెళ్లినవాళ్లన్నట్టు వాళ్ల సంగతులు చెప్పేది. కాలేజీకి వచ్చాక మిగతా పిల్లల బట్టలు, స్కూటీలు, ఇంగ్లీషు ముక్కలు చూసి ముడుచుకుపోయిన హేమకు, భారతం ఒక్కటే తనకున్న ఆస్తిలా కనబడింది.

షీబా నెల్లిమర్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. తండ్రి ఏసురాజు జూట్ మిల్లులో కార్మికుడు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. తల్లి ఎలీసమ్మ. మొదట్లో షీబాకు విదురుడెవరో కూడా తెలియదు. "ఒసే హేమా, ఈయన ఎవరికి తమ్ముడే?" అని అడిగేది. హేమ సంతోషంగా చెప్పేది. క్యాంటీన్‌లో టీ చల్లారిపోతున్నా ఆపకుండా చెప్పేది.

ఆ సంతోషం దసరా సెలవుల దాకా నిలిచింది. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసిన జ్ఞాపకశక్తి షీబాది, చర్చి క్వయర్‌లో పాడి సానబట్టిన గొంతు. ఒకసారి విన్న పద్యాన్ని మర్నాడు రాగం కట్టి చదివేది. అంతవరకైతే హేమ ఓర్చుకునేదేమో. ఒకరోజు సభాపర్వం పాఠం మధ్యలో షీబా లేచి, "ద్రౌపది అడిగినదానికి ఆ సభలో ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు కదా సార్. జవాబు రాదని తెలిసి కూడా ఆవిడ ఎందుకు అడుగుతూనే ఉంది?" అంది.

మాస్టారు పుస్తకం మూసేశారు. తర్వాత ఆ గంటంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఆ కథ హేమ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఆ ప్రశ్న తనకు ఒక్కసారి కూడా తట్టలేదు. చూడ్డానికి వచ్చిన చుట్టం తన ఇంట్లోనే తనకు తెలియని గది తలుపు తీసి చూపించినట్టయింది. ఆ పూట అన్నం కంచంలోనే ఎండిపోయింది.

అప్పటి నుంచి షీబా ఏం చేసినా హేమకు గుచ్చుకునేది. షీబా మాస్టారితో నవ్వితే, జూనియర్లు షీబా చుట్టూ చేరితే, ఆఖరికి షీబా జడ వేసుకున్న తీరు చూసినా. 'మనదంతా వాళ్లు పట్టుకుపోతున్నారు' అనుకుంది ఒకసారి బస్సులో. అనుకున్నాక ఉలిక్కిపడింది. మన, వాళ్లు అనే మాటలు తన నోటికి ఎప్పుడొచ్చాయి? కాలేజీలో చేరిన కొత్తలో, చేపల వాసన వస్తోందని బెంచీ చివరికి జరిగినవాళ్ల దగ్గర తనూ 'వాళ్లే' కదా. అది తెలిసినా మంట తగ్గలేదు.

సంక్రాంతి వెళ్లాక మాస్టారు భారతంలోని స్త్రీల మీద సెమినార్ పెట్టారు. షీబాకు ద్రౌపదిని, హేమకు గాంధారిని ఇచ్చారు. బాగా మాట్లాడినవాళ్లను విజయనగరంలో కాలేజీలన్నీ కలిసి జరిపే సభకు పంపుతామన్నారు. హేమ ద్రౌపదిని అడుగుదామనుకుంది గాని అప్పటికే షీబా తలూపేసింది. సెమినార్ అయ్యాక అందరూ అనుకున్నదే జరిగింది. షీబా పేరు నోటీసు బోర్డుకెక్కింది.

రెండో శనివారం మధ్యాహ్నం హేమ లైబ్రరీ నుంచి వస్తూ హాస్టల్ గేటు దగ్గర, అంతకుముందు ఒకసారి కలిసిన షీబా తల్లి ఎలీసమ్మను చూసింది. ఒడిలో క్యారేజీ పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. హేమ వెళ్లి పక్కన కూర్చుంది.

"షీబా ఎక్కడున్నాదమ్మా?" అని అడిగింది ఎలీసమ్మ.

తమ ఇంట్లో తెలుగు పేపరని మాత్రమే చెప్పానని, అందులో ఏం చదువుతున్నానో నాన్నకు తెలియదని షీబా ఎప్పుడో హేమతో అంది. ఆ మాట హేమకు ఆ క్షణాన బాగా గుర్తుంది.

"మాస్టారి దగ్గరున్నాది పిన్నీ. విజయనగరం సభలో ద్రౌపది గురించి సెప్పాలి గదా. భారతం పద్యాలు ఎంత బాగా పాడతాదనుకున్నావు. మీకు సెప్పలేదా?" అని నవ్వింది హేమ. ఎలీసమ్మ ఏమీ అనకపోయేసరికి ఇంకో మాట కలిపింది. "మీ సంఘంలో ఏటీ అనుకోరు గదా పిన్నీ?"

ఎలీసమ్మ ఆమె వైపు కాసేపు చూసింది. క్యారేజీ ఒడిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఏమోనమ్మా" అంది.

సోమవారం షీబా క్లాసుకు రాలేదు. ఫోను తియ్యలేదు. బుధవారం మాస్టారు హేమను పిలిచి, "షీబా ఇంటికి వెళ్లిపోయింది. సభకు రానంటోంది. కారణం చెప్పడం లేదు. నువ్వు తయారవ్వమ్మా, గాంధారి మీదే మాట్లాడు" అన్నారు.

హేమకు సంతోషం కలిగింది. కలగలేదని ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఊరు వచ్చేదాకా తనలో తాను నవ్వుకుంటూ కూర్చుంది. తల్లికి చెబితే ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూతురి బుగ్గలు నిమిరింది.

మర్నాడు మాస్టారి ముందు చెప్పి చూపించింది. కుంతికి కొడుకు పుట్టాడన్న వార్త, గాంధారికి ఇంకా కానుపు రాకపోవడం, ఆవిడ తన కడుపు మీద తనే బాదుకోవడం. అక్కడికి వచ్చేసరికి మాస్టారు ఆపారు.

"ఆ కబురు రాకముందు గాంధారికి ఏం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు సార్."

"కుంతి ఆవిడ దగ్గర ఏమైనా తీసుకుందా?"

"లేదు సార్."

"మరి ఆ దెబ్బ ఎవరికి తగిలింది?"

హాస్టల్ గేటు దగ్గర హేమ చేసింది మాస్టారికి తెలియదు. "ఇదే అక్కడ చెప్పు, బాగుంటుంది" అని మామూలుగా అని, వేరే పని చూసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి తాతమ్మ ఎండిన చేపల్ని తిరగేస్తోంది. హేమ పక్కన గొంతుక్కూర్చుని, "నాయనమ్మా, గాంధారికి కుంతంటే ఉన్న కుళ్లు ఆఖరిదాకా పోలేదా?" అని అడిగింది.

"పోతే ఏటి, పోకపోతే ఏటి?" అంది తాతమ్మ చేపల మీంచి తల ఎత్తకుండానే. "ముసిలితనంలో అడవికెల్లినప్పుడు కుంతే ముందర నడిసింది. ఆయమ్మ బుజమ్మీద సెయ్యేసుకుని గాంధారి ఎనక నడిసింది. కళ్లకి గంత గదా, ఇంకెవుల్ని పట్టుకుంతాది?"

చిన్నప్పటి నుంచి విన్నదే. కాని ఆ రోజు హేమ అక్కడి నుంచి లేచి అలల దగ్గరికి వెళ్లి ఒంటరిగా చాలాసేపు నిలబడింది. తను షీబా దగ్గరి నుంచి లాక్కున్నదేమిటో, దానితో తనకు వచ్చిందేమిటో ఆలోచించింది. షీబా లేని క్లాసులో ఈ నాలుగు రోజులుగా ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

శుక్రవారం కాలేజీకని బయల్దేరి విజయనగరం బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటోలో నెల్లిమర్ల. మిల్లు దగ్గర అడిగితే ఏసురాజు ఇల్లు చూపించారు. వరసగా ఉన్న రేకుల ఇళ్లలో ఒకటి. ఏసురాజు అప్పుడే షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జుట్టులో, కనుబొమల మీద జనపనార నూగు ఇంకా అంటుకుని ఉంది. తను షీబా స్నేహితురాలినని హేమ చెప్పగానే జరిగి చోటిచ్చాడు.

"బాబాయ్, షీబాని సభకి పంపండి" అంది హేమ, కూర్చోకుండానే.

"నానెప్పుడాపేను?" అన్నాడు ఏసురాజు. "ఆ కతలు సదవొద్దని కూడా నానెప్పుడూ అన్లేదు. మా మిల్లులో నా పక్క మగ్గం జోగయ్య రోజూ సెప్తానే ఉంటాడు. నా కూతురు ఏటి సదువుతందో పరాయి పిల్ల నోట మా ఇంటిదానికి తెలియాల్సొచ్చింది. దాసింది సూడు, అదీ నా బాద. ఆ మాటే అన్నాను. అంతే, ఇంక ఎల్లనని కూకుంది."

లోపలి నుంచి ఎలీసమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆమె వెనకే గుమ్మంలో షీబా నిలబడింది.

హేమ గ్లాసు అందుకోలేదు. "పిన్నీ, ఆ రోజు నాను కావాలనే సెప్పేను. మీరు దాన్ని ఆపేస్తారని సెప్పేను."

"తెలుసమ్మా" అంది ఎలీసమ్మ. "నవ్వుతానే సెప్పేవు గానీ నీ సేతులు చున్నీని నలిపేస్తన్నాయి. నాను సూడలేదనుకున్నావా? నువ్వు అబద్ధం సెప్పలేదు గదా, అందుకే ఊరుకున్నాను. ముందు నీళ్లు తాగు."

షీబా గుమ్మం దిగి వచ్చింది. ఆమె గొంతు ఎప్పటిలా లేదు. "ఎందుకొచ్చేవే? నన్ను తీసుకెల్డానికా, నీ మనసు తేలిక సేసుకోడానికా?"

"నాకు తెలీదే. రెండూనేమో."

"చాన్సు నీకొచ్చింది గదా, నువ్వే ఎల్లు."

"నాకు రావాల్సినట్టు రాలేదు."

ఏసురాజు తువ్వాలుతో తల దులుపుకుంటూ కూతురి వైపు చూశాడు. "ఎల్తావా, ఎల్లవా? ఎల్తే నానూ వస్తాను. షిఫ్టు మార్సుకోవాలి, ముందే సెప్పు."

"నువ్వు ఎదురుగా కూకుంటే నాకు మాట రాదు నాన్నా."

"ఎనకాల కూకుంటాను."

"సంఘంలో అడిగితే?"

"నానే సెప్తాను. నా కూతురు సదువుకుంతందని సెప్తాను. అందులో దాయడానికేటున్నాది?"

సభ రోజున ఏసురాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అన్నట్టే వెనక వరసలో కూర్చున్నాడు. ఒక పక్క ఎలీసమ్మ, ఇంకో పక్క హేమ. షీబా మైకు ముందుకు వచ్చి మొదటి పద్యం ఎత్తుకోగానే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

తను ఇంత చేశాక అసూయ పోతుందని హేమ అనుకుంది. పోలేదు. ఆ గొంతు హాలంతా నిండుతుంటే మళ్లీ అదే మంట. పైగా ఇప్పుడు ఆ మైకు ముందు తను ఉండవలసింది, చేజేతులా ఇచ్చేసింది. ఏసురాజు ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని, కళ్లార్పకుండా వింటున్నాడు.

నిండు సభలో ద్రౌపదికి జరిగింది అన్యాయమని వికర్ణుడు లేచి అన్న ఘట్టం వచ్చింది. షీబా ఉద్వేగంలో ఆ మాటలు విదురుడు అన్నట్టు చెప్పేసింది. హాల్లో ఎవరూ గమనించలేదు. హేమ తల చటుక్కున పక్కకు తిరిగింది. ఆమె గుండె సంతోషంతో ఎగిసింది, దొరికింది అన్నట్టు.

అప్పుడే ఏసురాజు ఆమె వైపు వంగి, "సరిగ్గా సెప్తందా అమ్మా? మాకేటి తెలుస్తాది, నువ్వే సెప్పాలి" అన్నాడు.

హేమ వేదిక వైపు చూసింది. షీబా ఆగకుండా తర్వాతి పద్యం అందుకుంది.

"బాగా సెప్తంది బాబాయ్. మా క్లాసులో ఇలా ఎవులమూ సెప్పలేము" అంది.

అది నిజమే. చెప్పడం మాత్రం తేలిక కాలేదు.

షీబాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది రానందుకు హేమకు కొంచెం హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకు చిరాకేసింది. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి.

సాయంత్రం బస్టాండులో శ్రీకాకుళం బస్సు కోసం హేమ నిలబడితే, తల్లిదండ్రుల్ని బెంచీ మీద కూర్చోబెట్టి షీబా ఆమె దగ్గరికి వచ్చింది. హేమ నెల్లిమర్ల వెళ్లి వచ్చాక వాళ్లిద్దరూ విడిగా మాట్లాడుకోవడం అదే మొదలు.

"నాను ఎక్కడో తప్పేను గదా. నువ్వు తల తిప్పేవు, సూసేను."

"వికర్ణుడి మాటలు విదురుడికి ఇచ్చేసేవు."

షీబా నుదురు కొట్టుకుంది. "అయ్యో, అవును. దుర్యోధనుడి తమ్ముడై ఉండి లేచి అన్నాడంటేనే గదా ఆ మాటకి బలం. విదురుడు ఎలాగూ అంటాడు." మళ్లీ తనే, "మాస్టారికి సెప్పేవా?" అంది.

"లేదు. సెప్పాలనిపించింది గానీ."

"నీ మీద నాకింకా కోపం పోలేదు" అంది షీబా.

"నాకూ నీ మీద కుళ్లు పోలేదు."

షీబా మొహం తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో హేమకు తెలియలేదు. బస్సు వచ్చి ఆగింది. జనం తలుపు దగ్గర ముసురుకున్నారు.

"సోమవారం వస్తాను" అంది షీబా. "మాస్టార్ని అడిగి నీ గాంధారిని క్లాసులో మళ్లీ సెప్పు. తప్పులు పడతాను."

బస్సులో నిలబడడానికే చోటు దొరికింది. చంపావతి వంతెన దాటేసరికి హేమ గాంధారి కథను ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టింది. షీబా తప్పు పట్టలేనంత బాగా చెప్పాలనుకుంది. చెబుతున్నంతసేపూ షీబా ఎదురుగానే కూర్చోవాలని కూడా అనుకుంది.