పిన్ని దాచిన రెండు బొమ్మలు

పక్షవాతం వచ్చి పెద్దమ్మగారికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. వాటితో పాటు ఇక్కడి భాష కూడా పోయింది. సముద్రం అవతల గ్రీకు దేశంలో పుట్టి, పెళ్లై ఈ ఊరొచ్చి, జీవితమంతా ఈ భాషలోనే బేరాలాడి, పోట్లాడి, పిల్లని పెంచిన మనిషికి ఇప్పుడు నోట్లో మిగిలినవి చిన్నప్పటి గ్రీకు మాటలే. అవైనా ఒక్కోసారి ఒక్కొక్కటే వచ్చేవి.

కూతురికి ఆ భాష రాదు. ఆవిడ పళ్ల డాక్టరు. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. బొమ్మల అట్టముక్కలుంటే తల్లి వేలు పెట్టి చూపిస్తుంది కదా అని దుకాణాలన్నీ గాలిస్తే, గ్రీకులో దొరికింది ఒకటే కట్ట. అది దెయ్యాల పండుగకి చిన్నపిల్లలు మాటలు నేర్చుకునేది. గబ్బిలం, సాలీడు, అస్థిపంజరం, దీపం పెట్టిన గుమ్మడికాయ, అన్నీ నల్లటి అంచుల బొమ్మలే.

“ఇవే దొరికాయి. వీటితోనే సర్దుకోండి,” అని పిన్ని చేతిలో పెట్టి డాక్టరు దిగిపోయింది.

పెద్దమ్మగారిని చూసుకోవడం పిన్ని పని. బడి సెలవులని తోడుగా అక్క కూతుర్ని తెచ్చుకుంది. ఆ అమ్మాయి నోటి నుంచి మాట రావడం గగనం. పిన్ని పెట్టిన పేరు మౌనస్వామి.

మొదటి రోజు పెద్దమ్మగారు ఎడమచేత్తో ఒక్కో ముక్కా తీసి పేరు పైకి చదివింది. వింటూ వింటూ పిన్ని ముఖం మాడ్చుకుని, రెండు ముక్కలు లాగేసి తన చేతిసంచిలో కుక్కేసింది.

“ఏంటి పిన్నీ అవి?”

“నువ్వు చూడక్కర్లేదు. మంచాన పడ్డ మనిషి ముందు పెట్టే బొమ్మలా అవి? అచ్చేసినవాళ్లకైనా బుద్ధుండొద్దూ!”

మిగిలిన బొమ్మలతో ఆ గదికో సొంత భాష పుట్టింది. తెల్ల దుప్పటి కప్పుకున్న దెయ్యం బొమ్మ చూపించి పెద్దమ్మగారు “ఫాందాజ్మా” అంటే, దుప్పటి కప్పమని. గుమ్మడికాయ, “కొలొకీథా” అంటే ఆకలి. “నిఖ్తెరీదా” అని గబ్బిలాన్ని చూపిస్తే కిటికీ తెర వెయ్యాలి. “స్కెలెతోస్” అంటే కీళ్లు నొప్పి. సాలీడు, “అరాఖ్ని”, చిక్కుపడ్డ జుట్టు. మాత్రలు పట్టుకుని కూతురు మెట్లెక్కే చప్పుడైతే చాలు, “మాయిసా” అని మంత్రగత్తె బొమ్మ తీసేది.

“అమ్మో, కన్నకూతుర్నే మంత్రగత్తెని చేశారండీ!” అని పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

బొమ్మ దేన్ని పోలి ఉంటే మాటకి అదే అర్థమని అమ్మాయికి త్వరగానే తెలిసిపోయింది. పెద్దమ్మగారు ప్రతి మాటా పలికాక ఆగి, అమ్మాయి నోటి వంక చూసేది. అమ్మాయి తిరిగి పలకాలి. తప్పు పలికితే కనుబొమలు ముడిపడేవి. సరిగ్గా పలికితే ఎడమ బుగ్గ కాస్త కదిలేది. ఇంట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని పిల్ల ఆ దెయ్యాల మాటల్ని గది మోగేలా పలికేది.

“సొంత భాషలో నోరు పెగలదు గానీ, దెయ్యాల్ని పిలవమంటే మాత్రం గొంతు లేస్తుందే నీకు,” అని పిన్ని దెప్పేది.

కొన్నాళ్లకి పెద్దమ్మగారు కట్టలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ముక్కలన్నీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పి, విసిరి కొట్టేది. ఒక మధ్యాహ్నం, పిన్ని భోంచేసి మంచానికి ఎదురుగా బీరువా ముందు చాప పరుచుకుని నడుం వాల్చగానే, పెద్దమ్మగారు ఎడమ చెయ్యి అటు చాచి అంది.

“ఫెరెత్రో.”

ఆ మాటకి అర్థం అమ్మాయి ఎరగదు. మొదటి రోజు బొమ్మతో పాటు దాన్ని విన్న పిన్ని మాత్రం చటుక్కున లేచి కూర్చుంది.

“ఎవర్ని చూపిస్తోందే? నన్నేనా?”

అమ్మాయి తలూపింది. చెయ్యి పిన్ని వైపే ఉంది మరి.

“బీరువాలో ఏమన్నా కావాలేమో,” అని పిన్ని తనకి తనే సర్దిచెప్పుకుని, తలుపులు తెరిచి బట్టలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. “ఇదా? కాదా? పోనీ ఈ పట్టు గౌనా? పెళ్లికేమన్నా వెళ్తారా?” నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పెద్దమ్మగారు దేనికీ తలూపలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. అదీ పిన్ని చాప మీద వాలినప్పుడే. దానికి తోడు బీరువా తలుపు దానంతటదే తెరుచుకోవడం మొదలైంది. మూసి అటు తిరిగేలోగా కిర్రుమనేది. కింద ఆసుపత్రిలో మోటారు వేసినప్పుడల్లా, బీరువా మీద డాక్టరు ఎక్కించి పెట్టిన పింగాణీ సామాను పెట్టెలో ఏదో పళ్లు కొరుకుతున్నట్టు సన్నగా మోగేది. పిన్ని మందులపెట్టె అట్ట మడిచి తలుపుల మధ్య ఇరికించింది.

“డాక్టరమ్మకి చెప్దాం పిన్నీ, ఆ మాటకి అర్థమేంటో ఎవర్నైనా అడిగి కనుక్కుంటారు,” అంది అమ్మాయి మెల్లగా.

“నోర్ముయ్. వాళ్ల అమ్మ నన్ను చూసి అపశకునం పలుకుతోందని చెప్పమంటావా? చెప్తే మనల్ని ఉంచుతారా? ఆ మాట నీ నోట ఇంకోసారి వినపడిందో, చెంప పగులుద్ది!”

చాప వేరేచోట వేసుకోవచ్చు కదా అని అమ్మాయికి తోచింది. కానీ ఆ ఇరుకు గదిలో మనిషి కాళ్లు చాపే జాగా అదొక్కటే.

ఆరోజు పిన్ని స్నానాలగదిలో దుప్పట్లు ఉతుకుతుంటే, అమ్మాయి ఆవిడ చేతిసంచిలో చెయ్యి పెట్టింది. పైనే ఉన్న ముక్క తీసి చూసింది. నిలబెట్టిన పొడవాటి గోధుమరంగు పెట్టె, పక్కన ఇత్తడి పిడులు. శవపేటిక. కింద గ్రీకు అక్షరాలు.

ఆ ముక్క కనబడగానే పెద్దమ్మగారు లాక్కున్నంత పని చేసింది. “ఫెరెత్రో! ఫెరెత్రో!”

అయితే పిన్ని చచ్చిపోతుందనేనా, అనుకుంది అమ్మాయి. కానీ పెద్దమ్మగారు చూస్తున్నది చాపని కాదు. ముక్కని కళ్లెదుట ఎత్తి పట్టుకుని, దాని వెనక బీరువాని చూస్తోంది. మళ్లీ ముక్క, మళ్లీ బీరువా. పొడవుగా, గోధుమరంగులో, ఇత్తడి పిడులతో నిలబడ్డ బీరువా. దుప్పటికి దెయ్యం, చిక్కు జుట్టుకి సాలీడు అయితే, మరి బీరువాకి?

పెద్దమ్మగారు ముక్కని నిలువుగా పట్టుకుని, మెల్లగా ముందుకి వంచి, ఒళ్లో బోర్లా పడేసింది.

అమ్మాయి తల తిప్పి చూసింది. బీరువా పైభాగానికీ గోడకీ మధ్య సందు పడి, ఇదివరకు కనబడని పాత సున్నం రంగు పట్టీలా కనిపిస్తోంది.

ఈలోగా పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఉసూరుమంటూ చాప మీద వాలి, గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది. కింద మోటారు మొదలైంది. పింగాణీ మోగింది. ఇరికించిన అట్టముక్క జారి పిన్ని భుజం పక్కన పడింది. తలుపు కిర్రుమంది.

లే పిన్నీ, లే, అని అరవాలి. నోరు తెరిచింది. ఎప్పటిలాగే గొంతులో ఏదో అడ్డుపడింది. గొంతెత్తి పలకడం ఈ గదిలో తనకి అలవాటైంది ఒక్క రకం మాటలే.

“ఫెరెత్రో!”

ఇల్లు అదిరేలా వచ్చింది కేక.

పిన్ని తోక తొక్కిన తాచులా లేచింది. “ఏమన్నావే? నువ్వు కూడానా? నా చావు నువ్వూ కోరుతున్నావా?” చెయ్యెత్తి మంచం దాకా దూసుకొచ్చింది. దెబ్బ పడకముందే వెనక బీరువా నమస్కారం పెడుతున్నట్టు వంగి, చాప మీద బోర్లా పడింది.

చప్పుడుకి డాక్టరు చేతి తొడుగులు కూడా తియ్యకుండా మెట్లెక్కి వచ్చింది. పింగాణీ ముక్కల మధ్య, బీరువా కింద నుంచి చాప అంచు మాత్రం కనబడుతోంది. బీరువా ముందు కాళ్లు రెండూ నీళ్లలో నానిన రొట్టెలా మెత్తగా విరిగాయి.

“రోజూ ఆ కాళ్ల చుట్టూ తడిగుడ్డ పెట్టింది నేనే,” అంది పిన్ని ఎవరితోనో అన్నట్టు. “పాపం ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. మాట నా సంచిలో దాచిపెట్టుకుని, మళ్లీ ఆవిణ్నే తిట్టుకున్నా.”

ఎత్తిన చెయ్యి ఇంకా దింపలేదని అప్పుడు గుర్తొచ్చి, అదే చెయ్యి అమ్మాయి తలమీద పెట్టింది.

గది ఊడ్చి సర్దేసరికి ఎండ వాలింది. పిన్ని సంచి తెచ్చి, మిగిలిన ముక్క కూడా తీసి, మంచం పట్టె మీద కూర్చుంది.

“ఇదిగోనండీ. ఇంక ఏదీ దాచను. ఏం చెప్పాలన్నా చెప్పండి.”

పెద్దమ్మగారు ఆ ముక్క తీసుకుని చాలాసేపు చూసింది. నిలువు రాయి, చుట్టూ గడ్డి, కింద తవ్విన మట్టి. సమాధి.

“తాఫోస్,” అంది. ముక్కని తన గుండెలమీద పెట్టుకుని, దానిమీద ఎడమ చెయ్యి ఆనించింది.

అమ్మాయి గదంతా చూసింది. కిటికీ, స్టూలు, మందుల బల్ల, మంచం తలాపి. ఆ బొమ్మలా ఉండే వస్తువు ఒక్కటైనా ఉంటే బాగుండునని మళ్లీ మళ్లీ చూసింది. ఏదీ లేదు.

పిన్ని కూడా వెతుకుతోంది. ఇద్దరి చూపులూ తిరిగి తిరిగి మంచం మీదికే వచ్చాయి.

పెద్దమ్మగారు ఎప్పటిలాగే ఆగి, అమ్మాయి నోటి వంక చూస్తోంది. ముఖంలో భయం లేదు. తిరిగి పలకడం కోసం ఓపిగ్గా ఎదురు చూస్తోందంతే.

“తాఫోస్,” అంది అమ్మాయి.

ఎడమ బుగ్గ కాస్త కదిలింది.